నలభై రెండో పేజీ

ఆ వీధిలో లేతు మేస్త్రిని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు. అందరికీ ఆయన వెంట్రుకవాసి మేస్త్రి. పంపు షాఫ్టు తెచ్చినవాడికీ, మిక్సీ బుష్షు తెచ్చినవాడికీ, సైకిలు ఇరుసు తెచ్చినవాడికీ ఆయన చెప్పే మాట ఒకటే: "నా చేతిలో వెంట్రుకవాసి తేడా రాదు." ఆ మాట అంటూ తల ఒకసారి వెనక్కి విసురుతాడు. ఆ తల మీద వెంట్రుక అనేది కనబడి పాతికేళ్ళయింది కాబట్టి ఎదుటివాళ్ళు నవ్వు ఆపుకోలేక నానా తంటాలూ పడేవాళ్ళు. నవ్వినా ఆయన పట్టించుకోడు. ఇంటికెళ్ళి బిగించి చూసుకున్నాక ఎవరూ నవ్వరని ఆయనకి తెలుసు.

షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. టైర్ల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది. ఒక గోడ వెంట ఇనుముని గుండ్రంగా తిప్పుతూ చెక్కే లేతు, ఎదురు గోడ వెంట డ్రిల్లింగు మిషను, మూల గాలి కొట్టే కంప్రెసరు. నేలంతా ఉంగరాలు తిరిగిన ఇనుప తరుగు, దాని మీద నూనె. ఆ గదిలో ఆయన నలభై ఏళ్ళు నిలబడ్డాడు. నిలబడ్డాడనే మాట ఊరికే అనడం లేదు. లేతు దగ్గర కూర్చుని చేసే పని ఉండదు. చదువు ఏడో తరగతి. కాగితానికీ ఇనుముకీ గొడవొస్తే ఆయన ఎప్పుడూ ఇనుము పక్షమే. ఇక తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆ కుందేలుకి నాలుగో కాలు చూపించే పని కూడా ఆవిడదే.

ఇలాంటి మనిషి ఒక పెట్టె ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయిన రోజొకటి ఉంది. అది చెప్పాలంటే ముందు పెద్దాయన సంగతి చెప్పాలి.

పెద్దాయన ఇనుము పోతపోసే కార్ఖానాలో ప్యాటర్నులు చేసి రిటైరైన వడ్రంగి. ఇనుముతో ఏ భాగం పోతపోయాలన్నా ముందు అలాంటిదే ఒకటి చెక్కతో చెయ్యాలి. దాన్ని తడి ఇసుకలో అదిమి తీస్తే ఆ ఆకారంలో గుంట పడుతుంది, కరిగిన ఇనుము అందులో పోస్తారు. ఆ చెక్కనే ప్యాటర్ను అంటారు. పగలు కార్ఖానాలో పెద్ద పెద్ద ప్యాటర్నులు చేసి, సాయంత్రం ఇంటి వెనక గదిలో ఆయన బుల్లి బుల్లివి చేసుకునేవాడు. కార్ఖానాలో పోత పోసే రోజున ఓ మూల నాలుగు గరిటెల ఇనుము వాటిలో పోసిపెట్టేవాళ్ళు తోటి పనివాళ్ళు. అలా వచ్చిన ముక్కని గుడ్డసంచిలో వేసుకుని శనివారం శనివారం మేస్త్రి దగ్గరికి వచ్చేవాడు. దీనికి లోపల నున్నగా చెయ్యాలి బాబూ, దీనికి రంధ్రం నిట్టనిలువుగా రావాలి బాబూ, అని.

మేస్త్రికి ఆ సంచి చూస్తేనే చిరాకు. అగ్గిపెట్టెంత ముక్కని మిషనుకి బిగించడానికే గంట పడుతుంది. "పెద్దాయనా, పంపు ఆగితే జనానికి నీళ్ళు ఆగుతాయి. మీ బొమ్మ ఆగితే ఏం ఆగుతుందండీ?" అనేవాడు మొహం మీదే. పెద్దాయన నవ్వి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా నిమ్మకు నీరెత్తినట్టు ఎదురుచూసేవాడు. చివరికి మేస్త్రి సణుక్కుంటూనే చేసేవాడు. చెడగొడితే పోయేది తన పేరు కాబట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా చేసేవాడు. అవన్నీ దేనికి అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఒక వానాకాలం పెద్దాయన రావడం మానేశాడు. పోయాడని టైర్ల కొట్టతను చెప్పాడు. "అయ్యో" అని మేస్త్రి లేతు మీటనొక్కాడు.

రెండు నెలలకి ఆటోలో ఒక చెక్కపెట్టెతో ఆయన భార్య దిగింది. పెద్దాసుపత్రిలో ముప్పై ఆరేళ్ళు చేసిన నర్సు. చుట్టుపక్కలవాళ్ళు నర్సమ్మ అంటారు. చేతిలో గొడుగు, భుజాన సంచి, మాటలో తొణుకూ బెణుకూ లేదు.

"వెంట్రుకవాసి మేస్త్రి మీరేనా?"

"నేనేనమ్మా."

"మా ఆయన చెప్పేవారు. ముక్కు మీద కోపం, కానీ చెయ్యి తప్పదు అని. పెట్టె దించండి."

పెట్టె మూత తీశాడు. లోపల పాత తువ్వాళ్ళలో చుట్టి, వరసగా పేర్చిన ఇనుప భాగాలు. మొదటి తువ్వాలు విప్పగానే చెయ్యి ఆగిపోయింది. అది చిన్న సిలిండరు. లోపలి నునుపు చూశాడు. ఆ నునుపు తనది. ఎనిమిదేళ్ళ కింద అనుకుంటాను, ఆ ముక్క మీద పెద్దాయనతో పోట్లాడాడు కూడా. రెండో తువ్వాలులో ఫ్లైవీలు అనే బరువు చక్రం. దాని అంచు తనే లేతు మీద తిప్పాడు. మూడో దాంట్లో నాలుగు స్తంభాలు, వాటి రంధ్రాలు తనవే. ఒక్కోటి విప్పుతున్నకొద్దీ ఒక్కో శనివారం బయటికొచ్చింది. తను విసుక్కుంటూ, ముక్క ముక్కగా, ఏళ్ళ తరబడి ఒక ఇంజను చేశాడు. చేస్తున్నట్టు తనకే తెలియదు.

"ఇదేంటో తెలుసా మీకు?" అని అడిగింది నర్సమ్మ.

"ఇప్పుడే తెలిసిందమ్మా."

ఆవిడ సంచిలోంచి పెద్ద డ్రాయింగు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "నలభై ఒక్క పేజీలు పూర్తిగా ఉన్నాయి. నలభై రెండోది లేదు. అంటే ఉంది, కొట్టివేతలే. చేయాల్సిన ముక్కలు కొన్ని మిగిలాయి. నెలాఖరుకి నేను ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి పోతున్నాను. అక్కడ నాకు ఒక గది. ఇది నడిచేదైతే నా మంచం పక్కన పెట్టుకుంటాను. నడవనిదైతే ఆ గదిలో ఉన్న చెక్కలతో సహా పాత సామాన్లకి వేసేస్తాను."

"అదేంటమ్మా అంత మాట..."

"మేస్త్రీ, ముప్పై ఏళ్ళు. రోజూ సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, మళ్ళీ వెళ్ళిపోయేవారు. ఆ ముప్పై ఏళ్ళూ ఒక పనికి పోయాయా, పిచ్చికి పోయాయా, అది తెలియాలి నాకు. ఆసుపత్రిలో ఎంతమందికో ఉన్న మాట ఉన్నట్టు చెప్పినదాన్ని. నాకూ అలాగే చెప్పండి. ఆయన గీసింది గీసినట్టే చెయ్యండి. గీత తప్పయితే తప్పని చెప్పండి. నా మనసు కోసం అటూ ఇటూ సర్ది నడిపించొద్దు."

మేస్త్రి మాట ఇచ్చాడు. పెట్టె తీసుకెళ్ళి డ్రిల్లింగు మిషను పక్కన, నీళ్ళు పడని చోట పెట్టాడు.

ఆ వారమంతా పంపులు ఎదురుచూశాయి. మేస్త్రి పుస్తకం చదివాడు. చదవడమంటే, పేజీ తెరిచి, దాని తాలూకు ముక్కని పక్కన పెట్టుకుని, అటు చూసి ఇటు చూసి, టీ చల్లారిపోయేదాకా కూర్చోవడం. ప్రతి భాగాన్నీ మూడు వైపుల నుంచి గీశాడు పెద్దాయన. గీత ఎక్కడా వణకలేదు. అంచుల్లో చిన్న చిన్న మాటలు: 'నిన్నటి లెక్క తప్పు. సిగ్గేసింది. మళ్ళీ.' 'ఈ మూల పదునుగా ఉంటే ఇసుక రాలుతుంది. గుండ్రం చేశాను.' ఒకచోట, 'మేస్త్రి ఇవాళ కోపంగా ఉన్నాడు, పని మాత్రం బంగారం.' అది చదివి మేస్త్రి పుస్తకం మూసి, బయటికెళ్ళి, టైర్ల కొట్టు ముందు కాసేపు ఊరికే నిలబడి వచ్చాడు.

ఇంజను సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. పైన పిల్లలు ఊగే బల్లలా మధ్యలో ఆనుకుని ఊగే దూలం. ఒక కొస కింద సిలిండరు. అందులో పిస్టను పైకీ కిందకీ ఆడుతుంటే దూలం ఊగుతుంది. రెండో కొస నుంచి పొడుగాటి కడ్డీ దిగి ఫ్లైవీలుని తిప్పుతుంది. పిస్టను కింద ఉన్నప్పుడు కింది నుంచి ఆవిరి రావాలి, పైన ఉన్నప్పుడు పైనుంచి రావాలి. అందుకో జారుడు తలుపు ఉంది. ఆ తలుపుని సరైన క్షణంలో జరిపే ఏర్పాటే నలభై రెండో పేజీ. అది పెద్దాయనకి దొరకలేదు. పదిహేడు సార్లు గీసి, పదిహేడు సార్లు ఒక్కొక్క గీతతో కొట్టేశాడు. కోపంగా గీకెయ్యలేదు, స్కేలు పెట్టి, నీటుగా కొట్టేశాడు.

గీయడం మేస్త్రికి రాదు. అట్ట ముక్కలు కత్తిరించి, భార్య దగ్గర గుండుసూదులు అడుక్కుని, వంటింటి బల్ల మీద దూలమూ చక్రమూ తలుపూ అన్నీ అట్టతో చేసి తిప్పుతూ కూర్చున్నాడు. మూడు రోజులు తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగోనాడు భార్య బొత్తాలు కుడుతూ ఓ కంట చూసి అడిగింది.

"ఏవండీ, ఆ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి?"

"పిస్టను చివరికి రాగానే."

"చుట్టం గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాక గడియ తీస్తామా? వీధి మలుపులో కనబడగానే తీస్తాం కదా. లోపలికి రావడానికి ఆవిరికి మాత్రం టైము పట్టదా?"

మేస్త్రి భార్య వంక చూశాడు. అట్ట చక్రాన్ని పిసరంత ముందుకి తిప్పి గుండుసూది గుచ్చాడు. పెద్దాయన పదిహేడు సార్లూ తలుపుని సరిగ్గా సమయానికే తీయించాడు. నిజాయితీపరుడు కదా, ముందు తీయాలని తోచలేదు. మేస్త్రి కాగితం మీద వంకర గీతలతో నలభై రెండో పేజీ గీశాడు. అంత మంచి పుస్తకంలో ఆ వికారమైన బొమ్మ అతికించడానికి ఆయనకి చెయ్యి రాలేదు, మధ్యలో పెట్టి ఊరుకున్నాడు.

ఇక మిగిలింది ముక్కలు తిప్పడం. అందులో ముఖ్యమైనది దూలం కొస నుంచి చక్రానికి దిగే కడ్డీ: రంధ్రం నడుమ నుంచి రంధ్రం నడుమకి రెండు వందల పది మిల్లీమీటర్లు. సన్న కొలతలు తీసే పట్టకారు లాంటి మేస్త్రి వెర్నియరు నూటయాభై దాకానే తెరుచుకుంటుంది. అంతకు మించితే స్కేలుతోనే కొలవాలి. అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. పెట్టె అడుగున పెద్దాయన స్కేలు ఉంది. మంచి ఉక్కు, చేతులు తగిలి తగిలి అంచులు మెరుగెక్కాయి, గీతలు సన్నగా కళ్ళకి కొట్టొచ్చినట్టున్నాయి. చివర ఏవో అరిగిన అక్షరాలు, కంపెనీ పేరనుకున్నాడు. పెద్దాయన పని పెద్దాయన పనిముట్లతోనే చెయ్యాలి, అదే మర్యాద అనుకున్నాడు. నలభై ఏళ్ళలో పరాయి స్కేలు ముట్టని మనిషి, కళ్ళకద్దుకుని మరీ దాంతో కొలిచాడు.

సోమవారం పొద్దున్నే ఇంజను బిగించాడు. ఆవిరికి బదులు కంప్రెసరు గొట్టం తగిలించి గాలి వదిలాడు. దూలం లేచింది, దిగింది, 'టక్' మని ఆగిపోయింది. చేత్తో తిప్పాడు. మళ్ళీ టక్. పిస్టను వెళ్ళి కింది మూతకి కొట్టుకుంటోంది.

మేస్త్రి తన కడ్డీ విప్పి అదే స్కేలుతో మళ్ళీ కొలిచాడు. రెండు వందల పది. వెంట్రుకవాసి తేడా లేదు. పుస్తకంలో ఎత్తులన్నీ కూడాడు. లెక్క ప్రకారం పిస్టనుకీ మూతకీ మధ్య మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. లెక్కలో ఉంది, ఇనుములో లేదు. కాగితానికీ ఇనుముకీ గొడవొచ్చింది. మేస్త్రి ఎవరి పక్షమో ముందే చెప్పాను. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత ఆయనకి తెలియక కాదు, అది తన గురించి కాదని నమ్మకం. కడ్డీని కాస్త పొట్టి చేస్తే నడుస్తుందని తెలుసు. కానీ సర్దనని మాట ఇచ్చాడు.

సాయంత్రం నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇల్లంతా అట్టపెట్టెలు. వెనకగది తలుపు తీసి ఉంది. గోడ పొడుగునా బల్లల మీద చెక్క ప్యాటర్నులు, వార్నీషు మెరుపుతో, చిన్నవి ముందు పెద్దవి వెనక, వరసగా. మేస్త్రి వాటివైపు చూడలేకపోయాడు.

"చెప్పండి" అంది నర్సమ్మ, నిలబడే.

"నా పని వరకు సరిగ్గా ఉందమ్మా. గీతలోనే... ఎక్కడో రెండు మిల్లీమీటర్లు తప్పింది. పిస్టను తగులుతోంది."

"అంటే నడవదు."

"ఆయన గీసినట్టు అయితే నడవదమ్మా."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "సరే" అంది. మంచినీళ్ళు ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చింది. మేస్త్రి వీధి చివర వెనక్కి తిరిగి చూస్తే ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. తన చేత్తో ఒక మనిషిని రెండోసారి చంపి వస్తున్నట్టనిపించింది ఆయనకి.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. సంచిలోంచి పెద్దాయన స్కేలు తీసి బల్ల మీద పెట్టాడు. తిరిగి ఇచ్చెయ్యాలి కదా అని వెంట తెచ్చాడు. భార్య కాగితం మీద చొక్కా కాలరు గీస్తోంది. గీత తిన్నగా రావడానికి ఆ స్కేలు అందుకుంది. గీసి, టేపుతో కొలిచి, మొహం చిట్లించింది.

"ఇదేంటండీ, మీ స్కేలు నా టేపుతో కలవడం లేదు?"

"గుడ్డ టేపు. సాగిపోయుంటుంది."

"సాగితే నా టేపే పొడుగవ్వాలి. ఇక్కడ మీ స్కేలు పొడుగైంది. చూడండి. దీని ముప్పై దగ్గర నా టేపు ముప్పై దాటి మూడు గీతలుంది."

"నీ మొహం" అంటూనే లేచాడు మేస్త్రి. చెయ్యి కూడా కడుక్కోకుండా షాపుకి పోయి తన స్కేలు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. సున్నాలు కలిపాడు. వంద దగ్గర ఒక్క గీత తేడా. రెండు వందల దగ్గర రెండు. మూడు వందల దగ్గర మూడు. చొక్కా కొనతో స్కేలు చివర రుద్దాడు. కంపెనీ పేరనుకున్న అక్షరాలు తేలాయి: 'పోత ఇనుము. నూటికి ఒకటి.'

ఆ అక్షరాలు రెండుసార్లు చదివాక సంగతి బుర్రకెక్కింది.

కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. వంద మిల్లీమీటర్ల గుంటలో పోస్తే తొంభై తొమ్మిదే చేతికొస్తుంది. అందుకని ప్యాటర్ను నూటికి ఒకటి చొప్పున పెద్దదిగా చెయ్యాలి. ప్రతి కొలతకీ లెక్క కట్టి కలుపుకుంటూ కూర్చుంటే పని సాగదు. కాబట్టి ప్యాటర్నులు చేసేవాళ్ళు ఏకంగా స్కేలునే సాగదీసి గీయించుకున్నారు. దాని మీద నూరు అని ఉన్న చోట నిజానికి నూట ఒకటి. చెక్కని ఆ స్కేలుతో కొలిచి కోస్తే, పోసి చల్లారిన ఇనుము మామూలు స్కేలుకి సరిపోతుంది. ఇనుము చల్లారాక ఎంతవుతుందో ముందే తెలిసిన స్కేలు అది. చల్లని ఉక్కుకడ్డీని దాంతో కొలిచే బుద్ధిహీనుడు లోకంలో ఉంటాడని అది చేసినవాడు ఊహించి ఉండడు. నలభై ఏళ్ళు లేతు దగ్గర నిలబడి, చల్లారిపోయి వచ్చిన ఇనుమునే చూసిన మేస్త్రికి ఇలాంటిదొకటి ఉంటుందనే తెలియదు.

షాపుకి పరుగెత్తాడు. పోత దూలాన్ని తన స్కేలుతో కొలిచాడు. గీతలో రెండు వందల ఎనభై. దూలం రెండు వందల ఎనభై. స్తంభం నూట తొంభై అని గీత. స్తంభం నూట తొంభై. ఒక్కొక్కటీ కొలిచాడు, ఒక్కటీ తప్పలేదు. ఎర్రగా కరిగి, ఇసుకలో పడి, తనంతట తాను ముడుచుకుంటూ ముడుచుకుంటూ వచ్చి, ఆ మనిషి కాగితం మీద ఎక్కడ ఆగమన్నాడో సరిగ్గా అక్కడ ఆగింది ఆ ఇనుమంతా. రెండు మిల్లీమీటర్లు తప్పింది తన కడ్డీ ఒక్కటే. వెంట్రుకవాసి తేడా రాని చేత్తో తను చేసిన కడ్డీ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు. వెనకగది ఖాళీగా ఉంది. బల్లల మీద దుమ్ములో ప్యాటర్నుల ఆనవాళ్ళు మాత్రం ఉన్నాయి.

"నిన్న బండివాడొచ్చాడు" అంది నర్సమ్మ.

"అమ్మా, తప్పు ఆయనది కాదు. నాది. కొలత నేను తప్పాను." అంతా చెప్పాడు. స్కేలు చూపించాడు. తన స్కేలు పక్కన పెట్టి గీతలు చూపించాడు. తల వెనక్కి విసరలేదు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు స్కేళ్ళనీ ఒక రోగి చీటీ చదివినంత శ్రద్ధగా చూసింది.

"మీ మాట నమ్మి ఇచ్చేశాను మేస్త్రీ" అంది.

తిట్టి ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి.

ఇద్దరూ ఆటోలో పాత సామాన్ల కొట్టుకి వెళ్ళారు. కొట్టతను మంచివాడే. "చెక్కలు నేనేం చేసుకుంటానమ్మా, తీసుకెళ్ళండి" అన్నాడు. విరిగిన కుర్చీల కిందా, తుప్పు రేకుల మధ్యా వెతికితే ఇరవై మూడింట్లో ఇరవై రెండు దొరికాయి. ఫ్లైవీలు ప్యాటర్ను దొరకలేదు. గుండ్రంగా ముద్దుగా ఉందని పొద్దున ఎవరో పట్టుకుపోయారట. ఆరు ఆకులు వంపు తిరిగిన ఆ చక్రమే అన్నిట్లోకీ గొప్ప పని. మేస్త్రి చీకటి పడేదాకా ఆ వీధులన్నీ తిరిగి అడిగాడు. అది ఇప్పటికీ దొరకలేదు. దాని మాటెత్తితే ఇప్పటికీ ఆయన పని ఆపేసి చేతులు తుడుచుకుంటాడు.

మర్నాడు కొత్త కడ్డీ తిప్పాడు. పాతదాన్ని కోసి సరిచెయ్యలేదు. కొత్త ఉక్కు తీసుకుని, తన స్కేలుతో, మూడుసార్లు కొలిచి చేశాడు. బిగించాడు. గాలి పెట్టి చూసుకోవాలని చెయ్యి తహతహలాడింది. ఆగాడు. మొదటిసారి ఆవిడ ముందే నడవాలి, నడవకపోయినా ఆవిడ ముందే నడవకూడదు, అని భార్యతో అన్నాడు. "ఇప్పటికి మనిషయ్యారు" అంది భార్య, తనూ వస్తానని చీర మార్చుకుంటూ.

శుక్రవారం పది గంటలకి నర్సమ్మ వచ్చింది. టైర్ల కొట్టతను, జిరాక్సు అమ్మాయి కూడా గుమ్మంలో చేరారు. మేస్త్రి కంప్రెసరు మీట నొక్కాడు. అది గుర్రుమనలేదు. కరెంటు లేదు. తొట్టిలో గాలి ఉందేమో చూస్తే, పొద్దున్నే టైర్ల కొట్టతను నాలుగు లారీ చక్రాలకి ఊదేశాడు. మేస్త్రి అతని వంక చూసిన చూపుకి అతను గుమ్మంలోంచి అరుగు మీదకి జారుకున్నాడు.

"ఒక గంటలో వచ్చేస్తుందమ్మా కరెంటు. కూర్చోండి."

"దీనికి కావాల్సింది గాలేగా?" అంది నర్సమ్మ.

"గాలే, కానీ..."

ఆవిడ గొడుగు గోడకి ఆనించి, ఇంజనుకి తగిలించిన రబ్బరు గొట్టం అందుకుని, కొస కొంగుతో తుడిచి, నోట్లో పెట్టుకుంది. నోటి గాలికి కదిలే వస్తువు కాదని చెప్పబోయాడు మేస్త్రి. ఇనుప దూలం, ఇనుప చక్రం, మూడు కిలోల పైనే బరువు. ఇంత ఇనుము ఒక ముసలామె ఊపిరికి కదలాలంటే ఎక్కడా ఏ ముక్కా ఏ ముక్కనీ ఒరుసుకోకూడదు. అలా ఉంటుందా?

ఆవిడ ఊదింది.

దూలం కొస మెల్లగా లేచింది. చక్రం పావు వంతు తిరిగింది. తలుపు జరిగింది. దూలం అటువైపు దిగింది. టక్ లేదు. చక్రం సగం, ముప్పావు, ఒక చుట్టు. ఆవిడ బుగ్గలు పొంగిస్తూ ముక్కుతో గాలి తీసుకుంటూ ఊదుతూనే ఉంది. చక్రం రెండో చుట్టు తిరిగింది, మూడోది తిరిగింది. ఆ గదిలో వినబడింది పిస్టను విడిచే గాలి చప్పుడు ఒక్కటే, నిద్రపోయే మనిషి ఊపిరిలాగా. మేస్త్రి రెండు చేతులూ ఎప్పుడు జోడించాడో ఆయనకే తెలియదు. ఆ ఇంజనులో సగం నునుపులు ఆయనవి, కడ్డీ ఆయనది, నలభై రెండో పేజీ ఆయనది. అయినా మొదటిసారి చూస్తున్నవాడిలాగే చూశాడు. భార్య పక్కనే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నర్సమ్మ గొట్టం తీసింది. ఆవిడ ఊదడం మానేశాక కూడా చక్రం ఇంకో రెండు చుట్లు తనంతట తాను తిరిగి ఆగింది.

"ఆయన గీసినట్టేనా? ఏమీ సర్దలేదు కదా?"

"ఆయన గీసినట్టేనమ్మా. వదిలేసిన పేజీ ఒక్కటే మేం వేసింది. మిగతాదంతా ఆయనే. నోటి గాలికి నడిచే ఇంజను నా జన్మలో చూడలేదు. ఇంత పని తెలిసినవాణ్ణి నేను చూడలేదమ్మా. ఆ ముప్పై ఏళ్ళు పిచ్చి కాదు."

ఈ మాట వింటే ఆవిడ మొహం విప్పారుతుందనుకున్నాడు. విప్పారలేదు. ఇన్నాళ్ళూ చెక్కుచెదరని ఆ మొహం ఒక్కసారిగా నలిగిపోయింది. బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయింది.

"పిచ్చయితే బాగుండేది మేస్త్రీ" అంది. "పిచ్చాయనతో కాపురం చేశాను, నా రాత ఇంతే అనుకుని సరిపెట్టుకునేదాన్ని. ఇంత మనిషి పక్కన ముప్పై ఏళ్ళు పడుకుని లేచాను. అన్నం చల్లారిపోతోందని తప్ప ఇంకో మాట అడగలేదు."

మేస్త్రి ఏదో అనబోయాడు. భార్య చెయ్యి పట్టి ఆపింది. నర్సమ్మ కళ్ళు తుడుచుకుని, గొట్టం కొస కూడా తుడిచి, మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది.